కిటికీలో చిన్న రేడియో

మా స్టూడియో సామాన్లలో అన్నిటికన్నా అగ్గువది కిటికీలో పెట్టిన చిన్న రేడియో. రెండు సెల్లులతో నడుస్తుంది. ఏరియల్ సగానికి విరిగితే రాగితీగ చుట్టాను. చూడటానికి వచ్చినవాళ్లు కంప్యూటర్ తెర మీద ఎగిరెగిరి పడే పచ్చ గీతలను చూస్తారు, మిక్సర్ మీది గుండీలు చూస్తారు, ట్రాన్స్‌మిటర్ పెట్టె పక్కన నిలబడి ఫొటో దిగుతారు. కిటికీ వైపు ఎవరూ చూడరు. నేను మాత్రం పొద్దున తాళం తీయగానే ముందు ఆ రేడియో చెవి తిప్పుతాను. సర్రుమని ఇసుక జారినట్టు చప్పుడు వస్తుంది. అప్పుడు ట్రాన్స్‌మిటర్ స్విచ్ వేస్తాను. కొన్ని క్షణాలకు ఆ సర్రుమనేది ఎవరో నోరు మూసినట్టు ఆగిపోతుంది. పాట ఇంకా మొదలు కాలేదు, మాటా లేదు. అయినా గాలిలో మా స్టేషన్ నిలబడిందని ఆ మౌనం చెప్పేస్తుంది. ఆ తర్వాతే కంప్యూటర్‌లో ప్లే నొక్కుతాను.

ఫోన్ చేసి "అన్నా, మీ రేడియో వస్తలేదు" అన్నవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న కూడా దీని దగ్గర నేర్చుకున్నదే. "సర్రుమంటుందా, సప్పుడే లేదా?" సర్రుమంటే తప్పు ట్రాన్స్‌మిటర్‌లోనో, కేబుల్‌లోనో, టవర్ మీదో ఉంది. సప్పుడే లేకుంటే ట్రాన్స్‌మిటర్ సక్కగనే ఉంది, కంప్యూటర్ మూగబోయింది. నాకొచ్చిన ఇంజనీరింగులో సగం ఈ ఒక్క ప్రశ్నే.

నేను చదివింది పదో తరగతి. తెలంగాణలో మెట్ట సేద్యం చేసే ఊళ్ల మధ్య ఒక కమ్యూనిటీ రేడియోలో పని చేస్తున్నాను. అంతకుముందు మైకుసెట్టు నడిపేవాణ్ణి. పెళ్లిళ్లు, బోనాలు, ఎలక్షన్ మీటింగులు. వేపచెట్టు కొమ్మకు హారన్ కట్టి, ఆంప్లిఫయర్‌కు బ్యాటరీ తగిలించి, "హలో హలో" అనేసరికి ఊరంతా లేచేది. మైకుసెట్టులో తప్పు జరిగితే అక్కడికక్కడే తెలుస్తుంది. కూత పెడుతుంది, పందిట్లో వందమంది తల తిప్పి నా వైపు చూస్తారు. రేడియోలో అట్లా చూసేవాళ్లు ఉండరు. తప్పు జరిగినా గది చల్లగా, ప్రశాంతంగా ఉంటుంది. కొత్తలో నన్ను భయపెట్టింది అదే, ఇప్పటికీ ఆ భయం పోలేదు.

నా పాత ఆంప్లిఫయర్ 250 వాట్లు. ఇక్కడి ట్రాన్స్‌మిటర్ 50 వాట్లు. ఆంటెన్నా ఇచ్చే బలం కూడా కలుపుకొని మాలాంటి స్టేషన్లు మామూలుగా 100 వాట్లు మించకూడదు, ఆంటెన్నా నేల నుంచి 30 మీటర్ల ఎత్తు దాటకూడదు. ఆ 250 వాట్లు ఒక వాడను నిద్ర లేపేవి. ఈ 50 వాట్లు చుట్టూ పది కిలోమీటర్ల ఊళ్లను చుట్టి వస్తాయి, పక్కన పడుకున్న పసిపిల్లను మాత్రం కదిలించవు. మా అమ్మకు ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. "సప్పుడు లేని మైకుకు జీతమిస్తరా?" అనేది.

ఆ జీతం వెనక కథ పొడుగైనదే. గాలిలో తిరిగే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. చెప్పాక కూడా తలుపు వెంటనే తెరుచుకోలేదు. ముందు కాలేజీలకు అనుమతి వచ్చింది, 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీ రేడియో మొదలైంది. ఊళ్లలో పనిచేసే సంస్థలకు అవకాశం దొరికింది 2006 చివర్లో. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో 90.4 మీద పలికింది. నేను ఈ పనిలో చేరే ముందు అక్కడికి పోయి చూసొచ్చాను. మిక్సర్ ముందు కూర్చున్నది పొలం పని చేసుకునే దళిత మహిళలు. శబ్దం పెంచి తగ్గించే ఫేడర్‌ను వాళ్లు రెండు వేళ్లతో మెల్లగా, కుండలో పాలు పొంగకుండా మూత జరిపినట్టు జరిపారు. నేను మైకుసెట్టులో వాల్యూం గుండీని ఎప్పుడూ ఒక్క గుంజున తిప్పేవాణ్ణి. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ నా చేతులే చూసుకున్నాను.

పని చెప్పుకుంటే చిన్నదే. ఊళ్లలో రికార్డు చేసిన మాటలు, పాటలు ఫైళ్లుగా వస్తాయి. వాటిని కోసి, కడిగి, కంప్యూటర్‌లో వరసగా పేరుస్తాను. ప్లేయర్ ఆ వరసలో ఒకటి తర్వాత ఒకటి పాడుకుంటూ పోతుంది. ఆ శబ్దం సౌండ్ కార్డు నుంచి మిక్సర్‌కు, అక్కడి నుంచి శబ్దం హద్దు దాటకుండా అణిచే లిమిటర్‌కు, లిమిటర్ నుంచి ట్రాన్స్‌మిటర్‌కు, లావుపాటి కేబుల్ ఎక్కి టవర్ కొసకు. పెద్ద స్టేషన్లు వాడే రివెండెల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రతి ఆడియోకు ఒక నంబరు ఇచ్చి తమ గోదాములో భద్రం చేసుకుంటాయి. మాది అంత పెద్ద సంసారం కాదు. మా ప్లేయర్ ఉచితంగా దొరికింది. ఫైలు ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఉందో ఆ దారి గుర్తు పెట్టుకుంటుంది, అంతే. ఫైలు పేరు మార్చినా, పక్క ఫోల్డర్‌లోకి జరిపినా దానికి దొరకదు. ఆ వరస ఎర్రగా మారిపోతుంది. పైగా దానికి తెలుగు రాదు. తెలుగులో పేరు పెడితే డబ్బాలు డబ్బాలుగా చూపిస్తుంది. బతుకమ్మ పాటా డబ్బాలే, పశువుల డాక్టరు సలహా కూడా డబ్బాలే. అందుకని పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు తేదీ వేసి పెడతాను.

కంప్యూటర్ అంత బుద్ధిమంతుడు, అంత మొద్దు ఇంకొకడు ఉండడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఒక నాటకం పన్నెండు భాగాలు వచ్చింది, పేర్లలో 1 నుంచి 12 అంకెలు వేశాను. మొదటి భాగం అయ్యాక వాడు పదోది పెట్టాడు. వాడి దృష్టిలో 1 తర్వాత 10, 11, 12, ఆ తర్వాతే 2. మొదటి రోజు పెళ్లిచూపులు జరిగిన పిల్ల రెండో రోజు మనవణ్ణి ఎత్తుకుని మాట్లాడింది. విన్నవాళ్లలో ఒక్కరు కూడా అడగలేదు, సీరియళ్లకు అలవాటు పడ్డ చెవులు మరి. అప్పటి నుంచి 01, 02 అని వేస్తున్నాను.

ఇంకోసారి ఎండాకాలం, రాత్రంతా కరెంటు లేక యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. కరెంటు రాగానే కంప్యూటర్ తనంత తాను లేచేటట్టు, లేవగానే ప్లేయర్ తెరుచుకునేటట్టు నేనే పెట్టుకున్నాను. లేచింది, తెరుచుకుంది, పాడలేదు. తెర మూలన తారీఖు చూస్తే 2009 జనవరి 1. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది చచ్చిపోతే కంప్యూటర్‌కు ఇది ఏ రోజో తెలియదు. 2009 జనవరికి నేను ప్రోగ్రాములేమీ రాసిపెట్టలేదు గనుక మర్యాదగా ఊరుకుంది. నలభై రూపాయల సెల్లు కోసం పొద్దుటి ప్రసారం మొత్తం పోయింది. ఇప్పుడు ఏటా ఉగాదికి ఆ సెల్లు మారుస్తాను, బాగున్నా సరే.

అన్నిటికంటే నవ్వులపాలైంది గంట విషయంలో. వరి నారుమడి గురించి ఒకాయన మాట్లాడిన ఫైలు నడుస్తుండగా మా వాలంటీర్ ఒకమ్మాయి అదే కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టింది. "టడింగ్" అని మోగింది, చుట్టూ పది కిలోమీటర్లకు. మరునాడు ఒక రైతు ఫోన్ చేసి, "మధ్యల గంట కొట్టిండ్రు కద, అప్పుడు ప్రశ్న అడగాల్నా?" అన్నాడు. ఆ వారమే రెండో సౌండ్ కార్డు కొనిపించాను. కంప్యూటర్ తన సొంత చప్పుళ్లన్నీ ఒక కార్డులో చేసుకుంటుంది, ప్రసారం ఇంకో కార్డులో పోతుంది. ఆన్‌ ఎయిర్ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ కూడా పీకేశాను. అప్‌డేట్ అని చెప్పి మధ్యలో నిద్రపోకుండా.

ఇక చిన్న రేడియో ఎట్లా వచ్చిందో చెప్పాలి. కొత్తలో నేను స్టూడియో స్పీకర్లలోనే వినేవాణ్ణి. అవి మిక్సర్‌కు తగిలించి ఉంటాయి. అంటే మేము పంపుతున్నది వినిపిస్తాయి, ఊళ్లకు చేరుతున్నది కాదు. వానాకాలం సాయంత్రం, తుంపర. కంప్యూటర్‌లో పచ్చ గీతలు ఎగురుతున్నాయి, స్పీకర్లలో ఒగ్గు కథ మోగుతోంది, నేను చాయ్ తాగుతున్నాను. దగ్గరి ఊరి నుంచి ఒక ముసలామె, మనవడి చేత ఫోన్ కలిపించింది. "ఏం బిడ్డా, మీ డబ్బా పండుకున్నదా? పొద్దుమూకినకాడి నుంచి ఇసుక పోస్తున్నది." నేను నవ్వి, మీ రేడియోలో సెల్లు అయిపోయి ఉంటుందవ్వా అన్నాను. "కొత్త సెల్లేసి విన్న" అంది.

లోపలికి పోయి ట్రాన్స్‌మిటర్ చూస్తే పవర్ సున్నా దగ్గర. ఎర్ర లైటు. ట్రాన్స్‌మిటర్ పంపిన శక్తి అంతా ఆంటెన్నా నుంచి గాలిలోకి పోవాలి, దారిలో అడ్డం తగిలితే వెనక్కి తన్నుతుంది. ఆ తన్నేదాన్ని కొలిచే మీటరు ఉంటుంది, రిఫ్లెక్టెడ్ పవర్ అని. అది ఎక్కువైతే లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోకుండా పెట్టె తనను తాను ఆపుకుంటుంది. టవర్ మీద కేబుల్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయి. తెల్లారి మనిషిని ఎక్కించి విప్పించి, ఎండబెట్టి, రబ్బరు టేపును సాగదీసి సాగదీసి కింది నుంచి పైకి చుట్టించాను. ఇంటి పెంకుల లెక్కే, పై పొర కింది పొర మీద పడాలి, లేకుంటే నీళ్లు లోపలికే జారుతాయి. ఆ ఫోన్ వచ్చేలోపే రెండు గంటలు మేము ఎవరికీ వినిపించలేదు. రెండు గంటలు నేను ఒక్కణ్ణే కూర్చుని ఒగ్గు కథ విన్నాను. ఆ శనివారం సంతలో ఈ రేడియో కొన్నాను.

వినడం ఒక పని అని అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు ఒక్కో ఫైలును ముందే చెవిలో పెట్టుకుని వింటాను. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసిన అవ్వ గొంతు గుసగుసలాడుతుంది, డీజే వాళ్లు కలిపిచ్చిన జానపదం నెత్తి మీద మొట్టుతుంది. వినేవాళ్లు దానికీ దీనికీ లేచి గుండీ తిప్పాలంటే తిప్పరు, కట్టేస్తారు. అందుకే ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచి అన్నిటినీ ఒక మట్టానికి తెస్తాను. కానీ కొలత చెప్పినట్టే పోతే కూడా కుదరదు. బావి దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడిన మనిషిని గట్టిగా చేస్తే, వెనక గిలక చప్పుడూ, పిట్టల కూతా కూడా గట్టిపడి ముందుకొచ్చి కూర్చుంటాయి. అక్కడ మీటరును పక్కన పెట్టి చెవిని నమ్ముతాను.

చిరుధాన్యాల కార్యక్రమం నన్ను బాగా ఏడిపించింది. ఎఫ్ఎంలో సర్రుమనే గోల పై స్వరాల్లోనే ఎక్కువ. అందుకని ట్రాన్స్‌మిటర్ పంపేటప్పుడు పై స్వరాలను పెంచి పంపుతుంది, మీ ఇంట్లో రేడియో వాటిని మళ్లీ తగ్గించుకుంటుంది, దాంతో పాటు గోల కూడా తగ్గుతుంది. ప్రీ ఎంఫసిస్ అంటారు, మన దేశంలో దాని కొలత 50 మైక్రోసెకన్లు. మంచి ఏర్పాటే. కానీ మనిషి నోట్లో పై స్వరాలు ఎక్కువుండేది 'స'లో, 'శ'లో. సజ్జలు, సామలు, శనగలు, సేంద్రియ సాగు. ఒక అక్క ముందు పళ్ల సందు నుంచి ఈలలాగా 'స' పలుకుతుంది. ఆమె సజ్జలు అన్నప్పుడల్లా లిమిటర్ ఉలిక్కిపడి మాట మొత్తాన్ని అణిచేది, 'జ్జలు' లోపలికి పోయేది. పంట పేరే వినబడదు! చివరికి దొరికిన మందు ఏ సాఫ్ట్‌వేరూ కాదు. మైకును ఆమె నోటికి ఎదురుగా కాకుండా జానెడు పక్కకు, గదవ వైపు తిప్పి పెట్టాను.

ఆ మధ్య ఇంటర్ చదివే పిల్లవాడొకడు అరచేతిలో పట్టే కంప్యూటర్ పట్టుకొచ్చాడు, రాస్‌ప్‌బెర్రీ పై. దాని పిన్నుకు జానెడు తీగ గుచ్చాడు, ప్రోగ్రాం నడిపాడు, నా చిన్న రేడియోలోనే వాడి సెల్‌ఫోన్ పాట వినిపించాడు. "అన్నా, ఇంత పెద్ద పెట్టె ఎందుకు మీకు?" అన్నాడు. నిజంగానే ముచ్చటేసింది. బిహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే కుర్రాడు రిపేరు షాపులో చౌక సామాన్లతో ఎఫ్ఎం నడిపిన సంగతి వాడికి చెప్పాను. ఊళ్లు చెవి కోసుకునేవి. లైసెన్సు లేదని 2006లో మూసేయించారు. "పాట ఒక్కటే పోతున్నది అనుకుంటున్నవా తమ్మీ?" అని కాగితం మీద గీసి చూపించాను. ఆ పిన్ను నుంచి వచ్చేది నున్నటి అల కాదు, చతురస్రపు అల. 90 మెగాహెర్ట్జ్ దగ్గర పాడితే 270 దగ్గర కూడా దాని నీడ పడుతుంది. ఎఫ్ఎం 108 దగ్గర ఆగిపోతుంది, ఆ పైన విమానాల వాళ్ల సంకేతాలు, మాటలు. మా పెట్టెలో సగం బరువు పాట పంపడానికి కాదు, వేరేచోట వినిపించకుండా ఆపే ఫిల్టర్లదీ, చల్లబరిచే రేకులదీ. వాడు తీగ పీకేశాడు. ఇప్పుడు ఆదివారాలు వచ్చి మా ఫైళ్లు కోసిపెడుతున్నాడు, నాకన్నా వేగంగా.

మేము వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వేసుకోవచ్చు, అంతే. మార్కెట్ రేట్లు, వాన కబురు, నల్లా నీళ్ల వేళలు చెప్పుకోవచ్చు. ప్రకటనలు గంటకు 7 నిమిషాలకు మించకూడదనేవాళ్లు, 2024లో 12 చేశారు. అన్ని నిమిషాలకు సరిపడా ప్రకటనలు మా దాకా వస్తే కదా! ఇంకో నియమం, ప్రసారం చేసిందంతా మూడు నెలలు దాచాలి. దానికో కంప్యూటర్ పక్కన ఊరికే రికార్డు చేస్తూ ఉంటుంది. మోనోలో, 64 కిలోబిట్లలో గంటకు 29 మెగాబైట్లు. రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులకు 21 గిగాబైట్లు చాలు. తొంభై ఒకటో రోజు రాగానే మొదటి రోజు తనంత తాను చెరిగిపోతుంది. అసలు చోటు తినేది ఊళ్లలో చేసిన ముడి రికార్డింగులు. హార్డ్ డిస్క్ నిండినప్పుడల్లా ప్రసారమైపోయిన వాటి ముడి ఫైళ్లు తీసేసేవాణ్ణి. నన్నెవరూ కాదనలేదు.

పోయిన ఏడు చలికాలంలో ఒక మంగళవారం. సాయంత్రం ఏడు గంటలకు పాటల వేళ, మరునాడు పొద్దున అదే మళ్లీ వస్తుంది. వరస అంతకు వారం ముందే పేర్చి పెట్టాను. నాట్ల పాటొకటి మొదలైంది. మూడేళ్ల కింద వాళ్లింటి అరుగు మీద నేనే రికార్డు చేసిన ముసలామె గొంతు. ఆమె ఆ పొద్దున చనిపోయింది. ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు, మధ్యాహ్నం పోయి దండం పెట్టుకుని వచ్చాను కూడా. వరసలోంచి తీసేయాలని తట్టలేదు. కంప్యూటర్‌కు తెలియదు, దాన్ని అనుకునేది లేదు. కిటికీలోంచి ఆ గొంతు వినిపిస్తుంటే నా చేయి మౌస్ మీద ఉంది. మధ్యలో ఆపితే అది ఇంకా ఘోరమనిపించి ఆపలేదు. 4 నిమిషాల 12 సెకన్లు.

రాత్రి ఆమె కొడుకు వచ్చాడు. తిడతాడనుకుని లేచి నిలబడ్డాను. జేబులోంచి మెమరీ కార్డు తీశాడు. "అన్నా, అమ్మ మాట్లాడింది ఉంటది గద, ఆ దినం నీతోని చానాసేపు ముచ్చట పెట్టింది. పాట కాదు, ఆ ముచ్చట కావాలె."

ఉంది. నలభై నిమిషాలు ఉండేది. పెళ్లయి వచ్చిన ఏడు కరువు గురించి, చనిపోయిన ఎద్దు గురించి, చివర్న "అయిపోయిందా కొడుకా, చాయ్ తాగుతవా" అని అడిగింది. అదంతా నేనే కోసి, పాట ఒక్కటి ఉంచుకుని, చోటు చాలక ముడి ఫైలు తీసేశాను. ఆ సంగతి చెప్పాను. అతను కాసేపు ట్రాన్స్‌మిటర్ లైట్ల వైపు చూశాడు. "పాటన్న వెయ్యి మరి" అన్నాడు. కార్డులో వేశాను. ఫోన్‌లో పెట్టి చూసుకుని, "గీ అంకెలేంది? అమ్మ పేరు పెట్టు, తెలుగుల" అన్నాడు. తెలుగు అక్షరాలు కుదుర్చుకుంటూ టైపు చేసి, మళ్లీ కార్డులోకి ఎక్కించి ఇచ్చాను.

తొందరలో పేరు మార్చింది కార్డులోని నకలుకు కాదు, అసలు ఫైలుకు. మరునాడు పొద్దున పునఃప్రసారం వేళకు కిటికీలో రేడియో ఆగింది. సర్రుమనలేదు, సప్పుడే లేదు. తెర చూస్తే ఆ ఒక్క వరస ఎర్రగా ఉంది. ఫోల్డర్ తెరిచి, ఆమె పేరున్న ఫైలును పట్టుకుని ప్లేయర్‌లోకి లాగాను. ప్లేయర్‌కు తెలుగు రాదు కదా, వరసగా డబ్బాలు చూపించింది. పాట మొదలైంది.